రసాయనాచార్యుడు ప్రఫుల్లచంద్ర రాయ్

శ్రీకాకుళము జిల్లాలో పలాసకు తూర్పున సముద్రతీరము వెంబడి వ్యాపించియున్న ప్రదేశమును ఉద్దానమందురు. ఉద్యానవనమను మాటయే జనుల వాడుకలో ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. అక్కడ ఎటు చూచినను కొబ్బరితోటలు, జీడితోటలు, పనసచెట్లు కనబడును. టెక్కలికి దాపుననున్న నౌపడలో ఉప్పుమళ్ళు ఎండలో తెల్లగా మెరయుచుండును. పలాస కాశీబుగ్గలలో జీడిపిక్కలనుండి పప్పు తీయు కార్ఖానాలు ఎన్నియో కలవు.

ఈ సీమలో పెరుగు బాలబాలికలు బడికి పోవు దారిలోనే అనేక రసాయనక్రియలను చూచుచుందురు. ఆలుచిప్పలను కాల్చిన సున్నమగును. జీడితొక్కలోని రసము తగిలిన చర్మము పొక్కును. ఉప్పుగాలికి ఇనుపమేకు త్రుప్పుపట్టును. సముద్రపునీరు ఎండకు ఇంకి, అందలి ఉప్పు గడ్డకట్టును. ఇవన్నియు ప్రకృతి చెప్పు పాఠములే. కాని పాఠశాలలో రసాయనశాస్త్రము నల్లబల్ల మీది అక్షరములుగను, పరీక్ష కొరకు వల్లించు సూత్రములుగను మాత్రమే మిగిలినచో, దారిలో చూచినదానికిని బడిలో చదివినదానికిని గల సంబంధము బాలురకు తెలియకయే పోవును.

రసాయనశాస్త్రమును చేతులతో నేర్వవలెననియు, మన చుట్టునున్న వస్తువులనుండియే నేర్వవలెననియు, నేర్చిన విద్య తోటివారి అక్కరకు రావలెననియు తన జీవితముచేత చాటిన మహనీయుడు మన దేశమున ఒకడు కలడు. ఆయనయే ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్. ఆయన వంగదేశీయుడు. బోధించినది కలకత్తా నగరమున. అయినను ఆయన చూపిన మార్గము మన సముద్రతీరమందలి చిన్న పాఠశాలకును తగినదే. అందుచేత ఆ మహాశయుని చరిత్రమును మనము తెలిసికొనవలసియున్నది.

ప్రఫుల్లచంద్రుడు 1861వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన రారులి అను గ్రామమున జన్మించెను. ఆ గ్రామము నేడు బంగ్లాదేశములోని ఖుల్నా జిల్లాలో చేరియున్నది. తండ్రి హరిశ్చంద్ర రాయ్ భూవసతి గలవాడు, విద్యాప్రియుడు. ఇంటిలో మంచి పుస్తకభాండారము నేర్పరచుకొనిన రసికుడు. కుమారుల చదువు కొరకై ఆయన 1870లో కుటుంబముతో కలకత్తాకు వచ్చి కాపురముండెను. బాలుడు హేర్ పాఠశాలలో చేరి శ్రద్ధగా చదువుచుండెను. కాని 1874లో అతనికి తీవ్రమైన గ్రహణి వ్యాధి సోకెను. చదువు మాని ఇంటికడ నుండవలసి వచ్చెను. ఆ వ్యాధి నెమ్మదించినను, అజీర్ణము, నిద్రలేమి జీవితాంతము అతనిని విడువలేదు.

ఆ రెండేండ్లును బాలుడు వృథాగా గడపలేదు. తండ్రి పుస్తకభాండారమే అతనికి పాఠశాల యయ్యెను. చరిత్రలను, మహాపురుషుల జీవితములను, సాహిత్యమును తనివితీర చదివెను. లాటిన్, ఫ్రెంచి భాషలను కొంత నేర్చెను. గురువు చెప్పినది వినుటకంటె తానుగా వెదకి తెలిసికొనుటలోనున్న రుచి అతనికి అప్పుడే తెలిసెను. మితాహారము, నియమము తప్పని దినచర్య అప్పుడలవడినవే. మంచమున పడవేసిన వ్యాధియే అతనికి రెండు గుణముల నొసగి పోయెననవచ్చును.

ఆరోగ్యము కుదుటబడిన పిమ్మట ఆయన ఆల్బర్టు పాఠశాలలో చేరి, 1879లో ప్రవేశపరీక్షలో ఉత్తీర్ణుడై, ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు నెలకొల్పిన మెట్రోపాలిటన్ కళాశాలలో ప్రవేశించెను. ఆ కళాశాలలో విజ్ఞానశాస్త్రములకు తగిన వసతులు లేకుండుటచే, ఆ పాఠముల కొరకు ప్రెసిడెన్సీ కళాశాలకు పోయి వచ్చుచుండెను. అచట రసాయనాచార్యుడు అలెగ్జాండరు పెడ్లరు. ఆయన ఏ విషయము చెప్పినను బల్లమీద ప్రయోగము చేసి చూపి, ఆ తరువాత వివరించెడివాడు. వాయువు గాజుసీసాలో నిండుట, లోహము జ్వలించుట, ద్రవము రంగు మారుట చూచుచు ప్రఫుల్లచంద్రుడు తన్ను తాను మరచిపోవుచుండెను. సాహిత్యమునందు మక్కువ గల ఆ యువకుడు అంతటినుండి రసాయనశాస్త్రమునకు దాసుడయ్యెను.

తరగతిలో చూచినదానితో ఆయన తృప్తిపడలేదు. తన చేతులతో చేసి చూడనిదే విషయము తనది కాదని తలచెను. ఒక సహపాఠితో కలిసి బసలోనే చిన్న ప్రయోగశాల నమర్చుకొనెను. దొరికిన సీసాలు, గొట్టములు, రేకులు వారి పరికరములు. ఒకనాడు వారు ప్రాణవాయువును ఉదజనిని కలిపి మండించు పరికరమును పలుచని రేకుతో తయారుచేసిరి. అది సరిగా అతకలేదు. నిప్పు తగులగనే భయంకరమైన ధ్వనితో పగిలిపోయెను. దైవవశమున ఎవరికిని గాయములు కాలేదు. ఉత్సాహము ఎంత అవసరమో జాగ్రత్తయు అంత అవసరమని ఆ సంఘటనము వారికి బోధించెను. ఇట్టి వాయువుల ప్రయోగములను గురువు దగ్గర లేకుండ విద్యార్థులు ఎన్నడును చేయరాదు.

తండ్రికి అప్పులు పెరిగి, ఆస్తి తరిగిపోవుచుండెను. కుమారుని పరదేశమునకు పంపు శక్తి ఆయనకు లేదు. అప్పుడు ప్రఫుల్లచంద్రుడు గిల్‌క్రిస్టు విద్యార్థివేతనము కొరకు జరిగిన పరీక్షకు రహస్యముగా చదివి, అందు కృతార్థుడై, 1882లో ఓడనెక్కి బ్రిటను చేరెను. స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయమున క్రమ్ బ్రౌను అను ప్రసిద్ధ రసాయనవేత్తకు శిష్యుడయ్యెను. ఆ చలిదేశమున ఆరేండ్లుండి, 1885లో బి.ఎస్‌సి. పట్టమును, 1887లో డి.ఎస్‌సి. పట్టమును పొందెను. అచట ప్రయోగశాలలో ప్రతి విద్యార్థికిని తన బల్ల, తన సామగ్రి, తన పని యుండెడివి. మన దేశపు విద్యార్థికి అట్టి భాగ్యము ఎప్పుడు కలుగునా యని ఆయన తలపోయుచుండెను.

1888లో ప్రఫుల్లచంద్రుడు స్వదేశమునకు మరలివచ్చెను. చేతిలో గొప్ప పట్టము కలదు. ఉద్యోగము మాత్రము లేదు. విద్యాశాఖలోని ఉన్నతశ్రేణి ఉద్యోగములు ఆ కాలమున ఆంగ్లేయులకే లభించెడివి. దాదాపు ఒక సంవత్సరము ఆయన పనిలేక వేచియుండెను. ఆ దినములలో మిత్రుడైన జగదీశచంద్ర వసువు ఇంటిలో ఆశ్రయము పొందెను. తుదకు 1889లో ప్రెసిడెన్సీ కళాశాలలో సహాయాచార్యపదవి దొరకెను. వేతనము నెలకు 250 రూపాయలు. అవే యోగ్యతలు గల ఆంగ్లేయునికి అంతకు ఎంతో ఎక్కువ వేతనము ముట్టెడిది. ఈ అన్యాయము ఆయన మనస్సును నొప్పించెను. అయినను ఆయన తన కోపమును పనిపై చూపలేదు. పాఠము చెప్పుటలో ఎవరికిని తీసిపోరాదని దృఢముగా నిశ్చయించుకొనెను.

కళాశాలలో పెద్ద తరగతులకు బోధించుట గౌరవమని పలువురు ఆచార్యులు భావింతురు. ప్రఫుల్లచంద్రుడు ఉన్నత పాఠశాలనుండి అప్పుడే వచ్చిన క్రింది తరగతుల విద్యార్థులకు తానే బోధించుటకు ఇష్టపడెను. వారి మనస్సులు పచ్చిమట్టివలె మెత్తనివి. ఆ దశలో కలిగిన అభిరుచి ఎన్నటికిని చెడదని ఆయన విశ్వాసము. పాఠమునకు ముందు తన సహాయకుడైన చంద్రభూషణ భాదురితో కలిసి ఆ దినమున చూపదలచిన ప్రయోగములను ఒక్కొక్కటిగా చేసి చూచుకొనెడివాడు. విద్యార్థుల యెదుట ప్రయోగము తప్పిన, శాస్త్రముపైననే వారికి నమ్మకము సడలునని ఆయన యెరుగును. అందుచే నాటకమునకు నటులు సిద్ధమగునట్లు, పాఠమునకు ఆయన సిద్ధమయ్యెడివాడు.

ఆయన తరగతిలో జరిగిన ఒక విషయమును శిష్యులు చిరకాలము చెప్పుకొనిరి. ఎముకను బాగుగా కాల్చిన, అందలి మాంసపదార్థమంతయు దగ్ధమై తెల్లని భస్మము మిగులును. అది కాల్షియం ఫాస్ఫేటు అను లవణము. ఆచార్యుడు ఈ సంగతి చెప్పి, ఆ భస్మమును చిటికెడు తీసి తన నోటిలో వేసికొనెను. తరగతి నిశ్చేష్టమయ్యెను. ఎముక పేరు చెప్పిననే ఒల్లని ఇండ్లనుండి వచ్చిన బాలురు వారు. అగ్నిలో పడి రూపు మారిన పిమ్మట అది ఎముక కాదనియు, పదార్థము యొక్క గుణమే దానికి పేరుగాని, దాని పుట్టుక కాదనియు ఆ ఒక్క చేష్టచేత వారు గ్రహించిరి. నూరు వాక్యములు చేయలేని పనిని ఆ చిటికెడు భస్మము చేసెను. ఆ భస్మము ఏమియో ఎరిగిన పండితుడు గనుక ఆయన అట్లు చేసెను. తెలియని వస్తువును రుచి చూచుట రసాయనశాలలో మొదటి నిషేధము.

ఆయన పరిశోధనకు మొదట ఎన్నుకొనిన విషయము బంగారము కాదు, రత్నములు కావు. వంటింటిలోని నేయి, నూనెలు. బజారులో అమ్ము నేతిలోను, ఆవనూనెలోను కల్తీ హెచ్చుగా నుండెను. కల్తీని పట్టుటకు ముందు కల్తీలేని వస్తువు గుణములెట్టివో తెలియవలెను గదా! అందుకై ఆయన తన కన్నులయెదుట ఆవులను పిదికించి, ఆ పాలనుండి వెన్న తీయించి, నేయి కాచించెను. తానే నిలుచుండి ఆవాలనుండి నూనె తీయించెను. అట్లు సంపాదించిన స్వచ్ఛమైన వస్తువులను పరీక్షించి, వాటి లక్షణములను వ్రాసికొని, బజారు సరకుతో పోల్చెను. ఈ పని సుమారు మూడేండ్లు సాగెను. దాని ఫలితములు 1894లో బంగాళపు ఆసియాటిక్ సంఘము వారి పత్రికలో ప్రకటింపబడెను. గానుగ ముందర నిలుచుండిన ఆ ఆచార్యుని తలచుకొనిన, శాస్త్రము పుట్టుచోటు పుస్తకము కాదని మనకు తెలియును.

ఆ కాలమున మన దేశము మందులను, ఆమ్లములను, సబ్బును, గాజును కూడ పరదేశమునుండి తెప్పించుకొనుచుండెను. వంగదేశమునకు సముద్రతీరమున్నను, అచటివారు తినిన ఉప్పులో అధికభాగము లివర్‌పూలు రేవునుండి ఓడలలో వచ్చుచుండెను. పట్టభద్రులైన యువకులు గుమాస్తాపనుల కొరకు కచేరీల చుట్టు తిరుగుచుండిరి. రసాయనము చదివినవాడు రసాయనములను తయారుచేయలేకున్న, ఆ చదువు ఎందుకని ప్రఫుల్లచంద్రుడు ప్రశ్నించుకొనెను. ఆ ప్రశ్నకు సమాధానముగా 1892లో, వేయి రూపాయలకు లోబడిన మూలధనముతో, అప్పర్ సర్క్యులర్ రోడ్డులోని తన అద్దె ఇంటిలోనే ఒక చిన్న కార్ఖానాను ప్రారంభించెను. అదియే తరువాత బెంగాల్ కెమికల్ అని ప్రసిద్ధి గాంచెను.

తొలి ప్రయత్నములు ఫలింపలేదు. నిమ్మపండ్ల రసమునుండి నిమ్మ ఆమ్లము తీయ బూనెను. పండ్ల ధరయే ఆమ్లము ధరను మించెను. చవుటినేలలో దొరకు సజ్జిమట్టిని శుద్ధిచేసి సోడా తీయ బూనెను. విదేశపు సోడా అంతకంటె చవుకగా దిగుమతియగుచుండెను. ఈ రెండు పనులలోను రసాయనక్రియ సరిగానే జరిగినది. లెక్క మాత్రము కుదరలేదు. ఒక వస్తువును తయారుచేయ గలుగుట వేరు, పదిమందికి అందు ధరకు తయారుచేయుట వేరని ఆయన నేర్చుకొనెను.

పిమ్మట ఆయన దృష్టి పారవేసిన ఎముకలపై పడెను. కటికవారి యొద్దనుండి కొన్ని బస్తాల ఎముకలు తెప్పించి, డాబాపై ఎండబోసెను. శీతకాలమే గనుక వానరాదని తలచెను. కాని అకాలవర్షము పలుదినములు కురిసెను. ఎముకలకంటియున్న మాంసము క్రుళ్ళి పురుగులు పట్టెను. కాకులు ఎముకలను ముక్కున కరచుకొనిపోయి చుట్టుప్రక్కల ఇండ్లపై పడవైచెను. శిష్టాచారపరులైన ఇరుగుపొరుగువారు ఆగ్రహించి, పురపాలకాధికారులకు ఫిర్యాదు చేయుదుమని బెదరించిరి. ఆచార్యుడు ఆ బస్తాలను ఊరి వెలుపల మాణిక్‌తల్లాకు తరలించి, ఇటుకల బట్టీవలె పేర్చి, రాత్రివేళ నిప్పుపెట్టించెను. మంటను చూచి రక్షకభటుడు వచ్చి, ఎవరో మనిషిని చంపి కాల్చుచున్నారని సందేహించెను. ఎముకలను చూపి నచ్చచెప్పువరకు వానికి నమ్మిక కలుగలేదు.

ఇంతటి అవమానమునకును శ్రమకును ఫలమేమి? ఆ భస్మమును గంధకికామ్లముతో కలిపి, ఆపై సోడాతో చేర్చి, సోడియం ఫాస్ఫేటు అను ఔషధలవణమును ఆయన సిద్ధపరచెను. వీధిలో పారవేసిన ఎముక వైద్యుని అలమారలోని మందయ్యెను. క్రమముగా విదేశపు మందులతోబాటు మన దేశమున తరతరములుగా వాడుకలోనున్న అడ్డసరము, వాము, నేలవేము వంటి మూలికలనుండియు ఔషధములు తయారుకాసాగెను. పగలు కళాశాలలో పాఠములు చెప్పి, సాయంకాలము కార్ఖానాలో ఆయనయే పనివాడును, గుమాస్తాయు, పరీక్షకుడునై పాటుపడెను.

ఈ సాహసమునకు ఆయన చెల్లించిన మూల్యము తక్కువది కాదు. డాక్టరు అమూల్యచరణ వసువు అను మిత్రుడు ఈ మందులను వైద్యులలో ప్రచారము చేసి కార్ఖానాను నిలువబెట్టెను. ఆయన 1898లో ప్లేగువ్యాధికి బలియయ్యెను. సతీశచంద్ర సింహ అను యువ రసాయనవేత్త కార్ఖానాలో పనిచేయుచు, ప్రమాదవశమున హైడ్రోసయానికామ్లమను ఘోరవిషము సోకి మరణించెను. ఒంటరియైన ప్రఫుల్లచంద్రుడు శోకమును దిగమ్రింగి పని సాగించెను. 1901లో ఆ సంస్థ వాటాదారుల కంపెనీగా మారెను. ఆయన లాభముల నపేక్షించక, దాని అభివృద్ధినే కోరెను. 1980లో భారతప్రభుత్వము దానిని జాతీయము చేసెను.

కార్ఖానా పనిలో మునిగియున్నను పరిశోధనను ఆయన మానలేదు. పాదరసమును సజల నత్రికామ్లముతో కలిపిన సందర్భమున ఏర్పడిన పసుపుపచ్చని స్ఫటికములను ఆయన గమనించెను. అవి మెర్క్యురస్ నైట్రైటు అను క్రొత్త పదార్థమని నిరూపించి, 1896లో ప్రకటించెను. అంతకుముందు ఎవరును దానిని స్థిరరూపమున పొందియుండలేదు. చూడదలచిన వస్తువు కొరకు వెదకుటయే కాదు, అనుకొనకుండ కనబడిన వస్తువును ఉపేక్షింపకుండుటయు పరిశోధకుని లక్షణము.

మన పూర్వులు రసాయనవిద్యలో చేసిన కృషిని లోకమునకు చాటుటకై ఆయన ఏండ్లతరబడి తాళపత్రములను వెదకి, ప్రాచీన హిందూ రసాయనశాస్త్ర చరిత్రమును రెండు సంపుటములుగా రచించెను. మొదటిది 1902లోను, రెండవది 1909లోను వెలువడెను. నాగార్జునుని పేర ప్రసిద్ధమైన రసగ్రంథము మొదలు అనేక గ్రంథములు అందు పరామర్శింపబడినవి. స్వయముగా చేసి చూపగలవాడే నిజమైన గురువని మన ప్రాచీన రసవాదులును తలచిరని ఆయన కనుగొని సంతోషించెను. చేతిపనిని నీచముగా చూచి, పండితులు దానినుండి దూరమగుటచేతనే తరువాతి కాలమున ఆ విద్య క్షీణించెనని ఆయన అభిప్రాయపడెను.

1916లో ప్రెసిడెన్సీ కళాశాలనుండి విరమించి, కలకత్తా విశ్వవిద్యాలయపు విజ్ఞాన కళాశాలలో ఆచార్యుడయ్యెను. నీలరతన ధర్, జ్ఞానచంద్ర ఘోష్, జ్ఞానేంద్రనాథ ముఖర్జీ వంటి రసాయనవేత్తలు ఆయన శిష్యులు. భౌతికశాస్త్రమున విఖ్యాతులైన మేఘనాథ సాహా, సత్యేంద్రనాథ వసువులును ఆయన పాఠములు విన్నవారే. 1924లో భారత రసాయన సంఘము స్థాపింపబడగా ఆయనయే ప్రథమాధ్యక్షుడు. శిష్యుడు తన్ను మించుట చూచి ఆనందించు గురువు అదృష్టవంతుడు. ఆ అదృష్టము ఆయనకు నిండుగా లభించెను.

ఆయన పెండ్లాడలేదు. విజ్ఞాన కళాశాలలోని ఒక గదియే ఆయన ఇల్లు. ముతక వస్త్రములు, కొలదిపాటి భోజనము, పుస్తకములు: ఇదియే ఆయన సంపద. ప్రభుత్వము 1919లో సర్ బిరుదమిచ్చినను ఆయన జీవనము మారలేదు. 1921లో అరువది యేండ్లు నిండినప్పుడు, అటుపై విశ్వవిద్యాలయము తనకీయవలసిన వేతనమునంతయు రసాయనశాఖకే ధారపోసెను. అదే సంవత్సరమున ఖుల్నాలో కరవు వచ్చెను. మరుసటి యేడు ఉత్తర వంగదేశమున వరదలు వచ్చెను. రెండుసారులును ఆయన ప్రయోగశాలను విడిచి, విరాళములు ప్రోగుచేసి, యువకులను కూడగట్టుకొని బాధితులకు అన్నవస్త్రములు పంపెను. 1944 జూన్ 16వ తేదీన, కళాశాలలోని ఆ గదిలోనే, శిష్యుల మధ్య ఆయన కన్నుమూసెను. అప్పటికి ఆయన వయస్సు ఎనుబది రెండేండ్లు.

విద్యార్థులారా! ఈ చరిత్రమును చదివి మెచ్చుకొనుటతో మన పని తీరదు. ఆచార్యునికి ఎముకలు ఎట్లో, ఉద్దానపు బాలురకు తమ తీరమందలి వస్తువులట్టివి. నౌపడ ఉప్పును గుప్పెడు తెచ్చి నీట కరగించి, వడకట్టి, ఆ నీటిని మరిగించినచో మట్టి వేరై తెల్లని ఉప్పు మిగులును. ఉప్పుమళ్ళలో ఉప్పు తీసిన తరువాత మిగిలెడు నీరు చేదుగానుండుట మళ్ళలో పనిచేయువారికందరికిని తెలిసినదే. అందు మెగ్నీషియం లవణములుండుటయే ఆ చేదునకు కారణము. 1930లో ఈ ఉప్పు కొరకే మన దేశీయులు సత్యాగ్రహము చేసి చెరసాలలకు పోయిరని తలచుకొనిన, ఆ గుప్పెడు ఉప్పులో చరిత్రయు కనబడును.

ఆలుచిప్పలను కాల్చి చేసిన సున్నమును నీట కలిపి, తేరిన నీటిలోనికి గొట్టముతో ఊదిన అది పాలవలె తెల్లబడును. మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు ఆ సున్నమును మరల చిప్పలోని పదార్థముగానే మార్చుచున్నది. పసుపునకు సున్నము కలిపి మన తల్లులు పారాణి చేయుదురు. ఆ ఎరుపు ఎట్లు వచ్చెనని అడిగినచో, క్షారమును గుర్తించు పరీక్ష మన ఇండ్లలోనే యున్నదని తెలియును. జీడితొక్కలోని రసమును మాత్రము చేత తాకరాదు. కాని ఆ కాల్చు గుణము గల రసమే రంగులలోను, బండ్ల బ్రేకులకు వాడు పట్టీలలోను ఉపయోగపడుచున్నదని తెలిసికొనవలెను. పరిశ్రమకు పనికిరాని పదార్థము అరుదని బెంగాల్ కెమికల్ నిరూపించెను గదా.

ఇంతకంటె ముఖ్యమైనది నీరు. కొన్ని దశాబ్దములుగా ఉద్దానపు గ్రామములలో పలువురు మూత్రపిండముల వ్యాధిచే బాధపడుచున్నారు. ఆ వ్యాధి లేని వీధి అరుదైన పల్లెలు కలవు. నీటిని, నేలను, ఆహారమును శాస్త్రజ్ఞులు అనేక పర్యాయములు పరీక్షించిరి. అయినను కారణమిదియేయని ఇంకను నిశ్చయింపబడలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమును, ఆసుపత్రిని ప్రారంభించిరి. హిరమండలము జలాశయమునుండి గొట్టముల ద్వారా త్రాగునీరు తెచ్చు పథకమును అప్పుడే ప్రారంభించిరి.

తన వీధిలోని బావినీటిని పాఠశాలకు తెచ్చి, కొలిచి మరిగించి, అడుగున మిగిలిన లవణమును తూచు బాలిక వ్యాధికి కారణమును ఒక్క దినమున కనుగొనలేదు. సబ్బునురుగును బట్టి ఏ బావినీరు కఠినమో, ఏది మృదువో తెలిసికొనినంతమాత్రమున రోగము పోదు. కాని ఆ బాలిక కొలుచుట నేర్చును, వ్రాసికొనుట నేర్చును, ఒక బావితో మరియొక బావిని పోల్చుట నేర్చును, వదంతిని, పరీక్షించి తెలిసికొనిన సత్యమును వేరుచేయుట నేర్చును. ఆవుల కొట్టములో నిలిచి పాలు పిదికించిన ఆచార్యుడు చేసినదియు ఇదియే. నేడు బావినీటిని తూచిన చేతులే రేపు పలాసలోని పరిశోధనశాలలో పనిచేయవచ్చును.

ప్రయోగము చేయువారు కొన్ని నియమములను మరువరాదు. గురువు సమక్షముననే పనిచేయవలెను. పేరు తెలియని పదార్థమును రుచి చూడరాదు, వాసన చూడరాదు. చూచినదానిని చూచినట్లే వ్రాయవలెను. ఫలితము పుస్తకమునకు భిన్నముగా వచ్చినప్పుడు దానిని దిద్దక, ఎందుచే అట్లు వచ్చెనో మరల పరీక్షింపవలెను. ఖరీదైన పరికరములు లేవని చింతింపరాదు. ప్రఫుల్లచంద్రుడు డాబాపై ఎముకలు ఎండబోసిననాడు ఆయనకు గొప్ప ప్రయోగశాల లేదు. తెలిసికొనవలెనను తపనయు, పనికి వెనుదీయని చేతులును, ఆ పని నలుగురికి మేలు చేయవలెనను తలంపును మాత్రమే ఆయనకుండినవి. అవి మూడును ఏ ఊరి బాలునకైనను, ఏ పల్లె బాలికకైనను సాధ్యమైనవే.